గృహిణీ గోష్ఠి: మైత్రీవనపు కౌన్సెలరులు

మా చదువరులలో నొక సోదరి కృష్ణాజిల్లానుండి వ్రాసిన లేఖ గడచిన మాసమున మాకు చేరినది. ఆమె కుమార్తె యింజనీరింగు ముగించినది. పై చదువునకు అమెరికా పోవలెనని కోరుచున్నది. తండ్రియు సమ్మతించినాడు. హైదరాబాదులో మైత్రీవనమునొద్ద నున్న యొక కన్సల్టెన్సీకి బిడ్డ పోయివచ్చి, "అమ్మా, వారు మనవద్ద ఒక్క పైసయు పుచ్చుకొనరట. కళాశాల వెదకుట, దరఖాస్తు వ్రాయుట, వీసాకు సిద్ధపఱచుట అంతయు ఉచితమేనట" అని సంతోషముతో చెప్పినదట. అయితే బ్యాంకు ఋణమునకు తాకట్టు పెట్టవలసిన యిల్లు తల్లి పేరనున్నది. పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చినది. "ఉచితముగా సాయపడువారిని శంకించుట పాపమేమో తెలియదు గాని, సంతకము పెట్టవలసిన చేయి వెనుకాడుచున్నది" అని యామె వ్రాసినారు.

శంకించుట పాపము కాదని ముందుగా మనవి చేసికొనుచున్నాము. ఇట్టి సంతకము నేడు తెలుగుదేశమున వేలకొలది యిండ్లలో తల్లులు పెట్టుచున్నారు. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. అందులో సగమునకు మించినవారు తెలుగు రాష్ట్రములవారేయని 2024లో హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు అధికారులు తెలిపిరి. ఇందఱు బిడ్డలను ఓడ యెక్కించువా రెవరు, వారి జీవనము ఎట్లు సాగుచున్నది, వారికి కూలి ఎవరిచ్చుచున్నారు అను సంగతులు ఇంటి యిల్లాలు తెలిసికొనవలసినవే కాన, ఈ మాసపు గోష్ఠికి ఆ విషయమునే తీసికొంటిమి.

మైత్రీవనమనగా తోట యని దూరప్రాంతముల సోదరీమణులు తలపవచ్చును. అమీరుపేటలో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ కట్టించిన వాణిజ్య భవనమది. హుడా యని జనులు పిలుచు ఆ సంస్థ 2008లో హెచ్.ఎం.డి.ఏ.గా మారినను, భవనమును నేటికిని హుడా మైత్రీవనమనియే చెప్పుకొందురు. పేరులో వనమున్నది గాని కంటి కగపడునవి ప్రకటన ఫలకములే. జావా, ఒరాకిల్, టెస్టింగు మొదలగు కంప్యూటరు విద్యలు నేర్పు శిక్షణాలయములతో ఈ వీథులు పేరుగాంచినవి. పల్లెలనుండి వచ్చి యిఱుకు హాస్టళ్లలో నుండి, మూడు నాలుగు మాసములలో నొక విద్య నేర్చి, ఉద్యోగము సంపాదించుకొన్న యువతీయువకులు లెక్కకు మిక్కిలి. ఆ శిక్షణాలయముల ప్రక్కనే, పై యంతస్తులలో, విదేశవిద్యా కన్సల్టెన్సీలు వెలసినవి. అచ్చట పంజాగుట్ట వఱకు నడచిపోయినచో, ఎన్ని దేశముల జెండాలు అద్దపు తలుపులపై నతికించియున్నవో లెక్కించుటకు ఓపిక చాలదు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చిన పిమ్మట అమీరుపేట రెండు మార్గములు కలియు స్టేషనయినది. నగరమున నేమూలనుండియైనను బిడ్డలు వచ్చిచేరుటకు సులభమయినది.

ఈ గదులలో మేజాకు ఆవలివైపు కూర్చుండి మాటలాడువారినే కౌన్సెలరు లందురు. వీరిలో పెక్కురు స్త్రీలే, అందులోను పడుచువారే. పట్టభద్రులై, ఇంగ్లీషు చక్కగా మాటలాడగలిగి, ఓర్పు గలవారికి ఈ యుద్యోగము దొరకుచున్నది. పని చూచుటకు సులభమువలె నుండును గాని అట్టిది కాదు. కళాశాల వదలిన పిమ్మట బిడ్డలు వచ్చుదురు కాన సాయంకాలములు తీరిక యుండదు. తలిదండ్రులకు సెలవు కాన ఆదివారము లసలే యుండవు. ఒక్కొక్క బిడ్డ మార్కులు, ఐ.ఇ.ఎల్.టి.ఎస్., జి.ఆర్.ఇ. పరీక్షల ఫలితములు, తండ్రి ఆదాయము, తల్లి భయము, మేనమామ యభిప్రాయము, ఇవన్నియు విని, ఏ దేశమునకు, ఏ విశ్వవిద్యాలయమునకు, ఏ కోర్సునకు దరఖాస్తు పెట్టవలెనో చెప్పవలెను. ఆగస్టులో అమెరికా చేరవలసిన బిడ్డకు అంతకుముందు సంవత్సరపు శరదృతువునందే పని ఆరంభమగును. దరఖాస్తులు శీతకాలమున, విశ్వవిద్యాలయమువారు పంపు ఐ-20 పత్రము వసంతమున, వీసా మాటలు వేసవిలో. మఱల జనవరి ప్రవేశములు, బ్రిటను వారి సెప్టెంబరు ప్రవేశములు, ఆస్ట్రేలియా వారి ఫిబ్రవరి, జులై ప్రవేశములు. ఒక పంట కోయకముందే మఱియొక పంట నాటు రైతువలె వీరి సంవత్సరము గడచును.

వీసాల కాలమున కౌన్సెలరు నిద్ర యెఱుగదని చెప్పవచ్చును. బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని, "ఈ విశ్వవిద్యాలయమునే యేల యెన్నుకొంటివి? ఖర్చు ఎవరు భరింతురు? చదివిన తర్వాత నేమి చేయుదువు?" అని కాన్సులేటు అధికారివలె ప్రశ్నించి అభ్యాసము చేయించును. పూర్వము ఈ మాటలకై మద్రాసు పోవలసి యుండెను. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెసునందు అమెరికా కాన్సులేటు ఏర్పడినది. 2023 మార్చిలో నానక్‌రాంగూడలోని నూతన భవనమునకు మారినది. ఇప్పుడు మద్రాసు ప్రయాణము తప్పినది గాని చిలుకూరు ప్రయాణము తప్పలేదు. వీసా బాలాజీ యని పేరువడిన స్వామికి మ్రొక్కుకొను నపుడు పదునొకండు ప్రదక్షిణములు, కోరిక తీరిన పిదప నూటయెనిమిది. స్వామివారి లెక్కయందు ఏ దాపరికమును లేదు. ఎవరు ఎంత ఇయ్యవలెనో ముందే తెలియును. కన్సల్టెన్సీ లెక్క అట్లు తెలియకుండుటయే మన విచారమునకు కారణము.

ఇంతకును కౌన్సెలరు జీతము ఎవరిచ్చుచున్నారు? విద్యార్థి ఇయ్యనియెడల విశ్వవిద్యాలయము ఇచ్చుచున్నది. బిడ్డ చేరి రుసుము కట్టిన పిదప, సాధారణముగా మొదటి సంవత్సరపు రుసుములో నూటికి పదియో, పదునైదో, కొన్ని యెడల అంతకు మించియో కన్సల్టెన్సీకి కమీషను వచ్చును. ఆ రుసుము మన ఋణమునుండి పోవునదే కాన, తిన్నగా ఆలోచించినచో నది మన యింటి సొమ్మే, దారి మాత్రము చుట్టు తిరిగినది. కౌన్సెలరుకు చిన్న జీతమును, చేర్చిన తలలనుబట్టి కొంత ప్రోత్సాహకమును ముట్టుట ఈ వ్యాపారమున వాడుక. నెలకు ఇందఱిని చేర్పవలెనని పైవారు పెట్టు నియమము గలచోట, పాపము, ఆ పిల్ల మాత్రమేమి చేయగలదు? మనయింటి పెండ్లిళ్ల పేరయ్య వరునివారి విందు ఆరగించి వచ్చి వధువు తండ్రికి సలహా చెప్పుటవంటి దిది. పేరయ్య చెప్పిన సంబంధములన్నియు చెడ్డవి కావు. అయినను ఆయన చెప్పని సంబంధములు కూడ నుండవచ్చునని తెలిసినవాడే తండ్రి.

ఇందు చిక్కు ఇది. అమెరికాలో పేరుగల ప్రభుత్వ విశ్వవిద్యాలయములు అనేకము కమీషను ఇయ్యవు. కొన్నింటిలో రుసుము తక్కువ, చదువు దిట్టము. వాని పేరు చెప్పినందువలన కన్సల్టెన్సీకి వచ్చున దేమియు లేదు. కమీషను ఇచ్చు కళాశాల పేరు పట్టికలో మొదట నుండును. ఇయ్యనిదాని పేరు అడిగిన గాని రాదు. అబద్ధ మెవరును చెప్పనక్కఱలేదు, ఊరకున్న చాలును. అమెరికా దేశపు చట్టమే ఈ ప్రమాదమును గుర్తించినది. ప్రభుత్వ ఋణసహాయము పొందు కళాశాలలు విద్యార్థులను చేర్చిన వారికి తలకింత యని ఇయ్యరాదని 1992లో నిషేధించినది. కాని విదేశములందుండు విదేశీయులను చేర్చుట విషయమున ఆ నిషేధమునుండి మినహాయింపు ఇచ్చినది. తమ బిడ్డలకు కూడనిది మన బిడ్డలకు కూడునన్న మాట. అచ్చటి కళాశాలా ప్రవేశ సలహాదారుల జాతీయ సంఘమువారు ఈ విషయమై చాలకాలము వాదులాడి, 2013లో విదేశీ విద్యార్థుల విషయమున కమీషనును ఒప్పుకొనుచు, జవాబుదారీ, పారదర్శకత, నిజాయితీ యుండవలెనని నియమము పెట్టిరి. మన దేశమున 1983 నాటి వలసల చట్టము విదేశోద్యోగములకు మనుష్యులను పంపువారికి అనుమతి పత్రము విధించినది గాని, అది చదువునకు పంపువారిని గూర్చి చేసినది కాదు.

కౌన్సెలరు ప్రయాణములను గూర్చి కూడ చెప్పవలెను. విజయవాడ, గుంటూరు, వరంగల్లు, కరీంనగరము మొదలగు చోట్ల ఇంజనీరింగు కళాశాలలకు పోయి యుపన్యాసము లిచ్చుట, రాత్రి బస్సున తిరిగివచ్చి ఉదయమే మేజాయొద్ద కూర్చుండుట వీరికి మామూలే. నగరములోని పెద్ద హోటళ్లలో విద్యామేళాలు జరుగును. విదేశములనుండి వచ్చిన విశ్వవిద్యాలయ ప్రతినిధులు వరుసగా బల్లలు వేసికొని కూర్చుందురు. కౌన్సెలరు బిడ్డలను తీసికొనిపోయి వారియెదుట నిలుపును. వ్యాపారము బాగుగా సాగించిన కన్సల్టెన్సీల వారిని విశ్వవిద్యాలయములే తమ దేశమునకు పిలిచి, విద్యార్థుల వసతులు, గ్రంథాలయములు, ప్రయోగశాలలు చూపి పంపుదురు. 1948లో స్థాపితమైన నాఫ్సా యను సంఘము అమెరికాలో ఏటేట జరుపు మహాసభకు ఇట్టివారు పోయివచ్చుచుందురు. కన్నులార చూచివచ్చిన కౌన్సెలరు మాటకు విలువ యెక్కువ. ఆ యూరిలో చలి యెట్లుండును, ఆడపిల్ల రాత్రివేళ గ్రంథాలయమునుండి వసతికి ఎట్లు చేరును, బియ్యము ఎచ్చట దొరకును అని చెప్పగల కౌన్సెలరును మెచ్చుకొనవలసినదే. ఐతే పదిదినములు అతిథిగా నుండి వచ్చినవారికి ఆ యింటి లోపములు తక్కువగా కనిపించునని కూడ మనకు తెలియును.

ఒక్క మాట అడిగి తెలిసికొనకపోవుటచే కలుగు నష్టము ఎంతటిదో చరిత్రలో నున్నది. కాలిఫోర్నియా రాష్ట్రమున ప్లెజంటన్ అను నూరిలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమని యొకటి యుండెడిది. 2011 జనవరిలో అమెరికా అధికారులు దానిపై దాడిచేసి మూయించిరి. అందు చేరినవారు పదునైదు వందలకు పైబడినవారు. వారిలో అత్యధికులు భారతీయులు, ఆ భారతీయులలో పెక్కురు నాటి ఆంధ్రప్రదేశమువారు. తరగతులు జరుగవు. పుస్తకములలో చూచినచో విద్యార్థులలో సగముమంది ఒకే యింటి విలాసమున కాపురమున్నట్లు వ్రాసియున్నదట. క్రొత్తవారిని తెచ్చి చేర్చిన విద్యార్థికి రుసుములో వంతు ఇచ్చు పద్ధతియు నుండెను. కొందఱు బిడ్డల కాళ్లకు, ఎచ్చటికి పోయినను కనిపెట్టు పట్టీలు తగిలించిరి. ఆ వార్త తెలుగునాట తల్లుల నెట్లు కలచివైచెనో మా చదువరులలో పెద్దవారికి జ్ఞాపకముండును. దానిని నడపిన సూసన్ సూ అను నామెకు 2014లో పదునారు సంవత్సరములకు పైబడిన కారాగారశిక్ష పడినది. ఆమె చెఱకు పోయినది సరే, బిడ్డలు పోగొట్టుకొన్న సంవత్సరము లెవరు తిరిగి యిత్తురు?

ఎనిమిదేండ్లకు మఱియొక విపరీతము జరిగినది. మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమని అమెరికా ప్రభుత్వ శాఖవారే మోసగాండ్రను పట్టుటకు ఒక బూటకపు సంస్థను నెలకొల్పిరి. అందు గురువులు లేరు, పాఠములు లేవు. 2019 జనవరి చివర పట్టుబడిన విద్యార్థులలో మొదటి లెక్క ప్రకారము నూటముప్పదిమందికి ఒక్కరు తప్ప తక్కిన వారందఱును భారతీయులు, అందులో అధికులు తెలుగువారు. వారిని చేర్చిన యెనిమిదిమందిపై నేరము మోపిరి. వీరు మైత్రీవనపు కౌన్సెలరులు కారు, అమెరికాలోనే యుండి తోడివారిని చేర్చి సొమ్ము గడించినవారు. న్యాయముగా ఈ సంగతి చెప్పవలెను. అయినను తలకింత యని సొమ్ము ముట్టుచోట సలహా ఎట్లు మారునో ఈ రెండు ఉదంతములును ఒకే తీరుగా చూపుచున్నవి.

మన వీథిలో జరుగు తప్పులు వేఱు. బ్యాంకులో తగినంత సొమ్ము లేనివారికి కొన్ని వారములపాటు వడ్డీకి సొమ్ము తెచ్చి ఖాతాలో నిలిపి, పత్రము పుట్టించి, మఱల తీసివేయుట కలదు. చేయని యుద్యోగమునకు అనుభవపత్రము సృష్టించుట కలదు. "అందఱును చేయుచున్నారు గదా" యని చెప్పు కౌన్సెలరు ఎదురైనచో, ఆ క్షణమే లేచి రావలెనని మా యభిప్రాయము. అబద్ధపు పత్రము పట్టుబడినచో అమెరికాలో ఆ బిడ్డ ప్రవేశమునకు జీవితాంతపు అడ్డంకి పడవచ్చును. బ్రిటనులో పదేండ్లు, కెనడాలో ఐదేండ్లు నిషేధము కలుగవచ్చును. దరఖాస్తుపై సంతకము బిడ్డదే కాన శిక్షయు బిడ్డకే. పత్రమును పుట్టించినవాడు మఱుసటి ఋతువునకు మఱియొక బిడ్డతో మాటలాడుచుండును. ఉద్దేశపత్రము, అనగా నేనెందుకు చదువగోరుచున్నానో తెలుపు లేఖ, కన్సల్టెన్సీవారు వ్రాసి యిచ్చుటయు మాకు నచ్చని పనియే. ఒకే చేతి వ్రాత వందమంది పేర పోవును. నాలుగేండ్లు చదివిన పిల్ల తన మనసులో మాట తాను వ్రాసికొనలేదా? కౌన్సెలరు తప్పులు దిద్దవచ్చును, అంతవఱకే.

ఇక మా సోదరి చేయవలసిన పని. బిడ్డతో కూడ తానును మైత్రీవనమునకు పోవలెను. ఇంగ్లీషు రాదని సంకోచింపనక్కఱలేదు, అచ్చట తెలుగే మాటలాడుదురు. కూర్చుండి, మర్యాదగానే, "అమ్మాయీ, ఈ కళాశాలలో మాపిల్ల చేరినచో మీకు వారేమైన నిత్తురా? మీకు ఏమియు ఇయ్యని కళాశాలలలో మాపిల్లకు తగినవి ఏవి?" అని అడుగవలెను. రెండవ ప్రశ్నకు రెండుమూడు పేర్లు వెంటనే చెప్పిన కౌన్సెలరు మంచి కౌన్సెలరు. అట్టివారు ఉన్నారు, కమీషను ఉన్నదని దాచక చెప్పువారును ఉన్నారు. మాట దాటవేసినచో ఇంటికి వచ్చి విచారించుకొనవలెను.

విచారించుటకు మార్గములున్నవి. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయములు తమ ప్రతినిధులెవరో తమ పుటలలోనే ప్రకటింపవలెను, ఆ దేశపు క్రికాస్ పట్టికలో కోర్సు పేరుండవలెను. కెనడాకు డి.ఎల్.ఐ. పట్టిక, బ్రిటనుకు అనుమతి పొందిన సంస్థల పట్టిక కలవు. అమెరికాయెడల రెండు చూడవలెను. విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు ఆ ప్రభుత్వపు అనుమతి యుండుట ఒకటి, విద్యాప్రమాణమునకు గుర్తింపు యుండుట మఱియొకటి. మొదటిది యుండి రెండవది లేని సంస్థలే తఱచు చిక్కు తెచ్చిపెట్టినవి. అమెరికా ప్రభుత్వమువారి ఎడ్యుకేషన్ యు.ఎస్.ఏ. సలహాదారులు కమీషను పుచ్చుకొనరు. వారి సలహా హైదరాబాదులోను దొరకును. కన్సల్టెన్సీ పట్టికను వారికి చూపి రెండవ మాట వినుట మంచిది. రుసుము ఎన్నడును కన్సల్టెన్సీ ఖాతాలో వేయరాదు, తండ్రి ఖాతానుండియో బ్యాంకునుండియో నేరుగా విశ్వవిద్యాలయమునకు పోవలెను.

1895లో పదునాఱేండ్ల సరోజినీదేవి హైదరాబాదునుండి ఇంగ్లండు పోయినపుడు నిజాము ప్రభుత్వపు విద్యార్థివేతనము ఆమెను పంపినది. నేడును తెలంగాణ ప్రభుత్వము దళిత, గిరిజన, వెనుకబడిన, అల్పసంఖ్యాక వర్గముల బిడ్డలకు విదేశవిద్యకై యిరువది లక్షల వఱకు సాయము చేయు పథకములు నడుపుచున్నది. వీని పేరు ఎత్తినందున కౌన్సెలరుకు రాబడి లేదు కాన, అర్హత గల తల్లి తానే యడిగి తెలిసికొనవలెను. ఇల్లు తాకట్టు పెట్టకముందే అడుగవలెను, తరువాత కాదు.

ఆడపిల్లకు అంత ఖర్చెందుకు, పెండ్లిచేసి పంపినచో అల్లుడే చదివించునని కొందఱు పెద్దలు ఈ సందర్భమున సలహా చెప్పుదురు. వారికి కమీషను ఎవరును ఇయ్యరు గాని, ఆ సలహాయు మాకు నమ్మదగినదిగా తోపదు. కొడుకు చదువునకు పొలము తాకట్టు పెట్టునపుడు ఎవరును ఈ మాట యనరు. మా సోదరి కుమార్తె తప్పక చదువవలెను. సంతకము పెట్టవలసిన పత్రమున వడ్డీ మాఱుచుండునదా, నిలుకడ గలదా, చదువు ముగిసిన ఎన్ని నెలలకు వాయిదాలు ఆరంభమగును, బిడ్డకు ఉద్యోగము ఆలస్యమైనచో మొదట ఎవరిని అడుగుదురు అను నాలుగు సంగతులు తెలుగులో చదివించుకొని, ఆ పత్రపు నకలు ఒకటి తన పెట్టెలో దాచుకొన్న పిమ్మట ఆమె సంతకము పెట్టవచ్చును.